పేచీ మానిన కోడలు

ముందుగది, పుస్తకాల బీరువా పక్క
పాప పుట్టిన మూడవ నాడు

మహాలక్ష్మీ సమానురాలైన వదినగారికి, మీ వియ్యపురాలు వ్రాయునది.

ఒక ప్రాణం రెండుగా విడివడి, ఒక ఇంటికి మరొక తరం సంక్రమించిన పవిత్ర సమయమిది. పూర్వులు దీనికి ప్రసవమని పేరు పెట్టారు. ఆ ఒక్క మాటకు పుట్టుక అనీ, పువ్వు అనీ, పండు అనీ అర్థాలున్నాయి. అనగా స్త్రీ తల్లి కావడమంటే పూయడమూ, కాయడమూ, పండడమూ ఒక్క గడియలో జరిగిపోవడమన్నమాట. ఇంతటి అర్థగౌరవం గల సందర్భాన్ని "డెలివరీ అయిపోయింది" అని ఫోనులో చెప్పి పెట్టేసే ఈ కాలంలో, మనమిద్దరమైనా కాగితం మీద సిరాతో స్మరించుకోవడం ధర్మం. మిల్లు హోరులో మీ వినికిడి పోయింది గనుక ఈ ధర్మం మీకు అప్రయత్నంగానే సిద్ధించింది.

ఆడశిశువు. మూడు కిలోలకు ఒక వంద గ్రాములు తక్కువ. ముక్కు మా వంశానిది. గొంతు మీ వైపుది.

మెట్ల మీద జారి మీరు కాలు విరగ్గొట్టుకోవడం విచారకరమే. అయినా విధి ఒక్కొక్కసారి అర్హతను చూసి పని అప్పగిస్తుంది. ముప్పైనాలుగేళ్ళు కళాశాలలో ప్రాచీన కావ్యాలు బోధించిన నాకు మాతృత్వాన్ని గురించి రెండువందల పద్యాలు కంఠస్థం. రోజుకు నాలుగు చొప్పున కోడలికి వినిపిస్తున్నాను. మందుల పట్టీ పక్కనే పద్యాల పట్టీ కూడా అంటించాను. మావాడు సర్వే పని మీద వెళ్ళి శనివారాలు మాత్రమే వస్తాడు గనుక అడ్డుపడేవారు లేరు.

ఉయ్యాల పైన గోడకు తగిలించడానికి ఒక ఆశీర్వచనం కూడా రచించి పటం కట్టించాను. "ధరణివంటి ఓర్పు, దీపంవంటి మౌనం, ఎదురుచెప్పని నాలుక నీకు కలుగుగాక." ఇది పాపను ఉద్దేశించినదే. పాప తల్లి కూడా చదువుకుంటే అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ వియ్యపురాలు

* * *

మిల్లు క్వార్టర్లు, కిటికీ పక్క మంచం
కట్టు వేసిన కాలు దిండు మీద

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి అర్థం కోసం, ఒకసారి నా కూతురి కోసం. మొదటిసారి మూడర్థాలు దొరికాయి. రెండోసారి కూతురు దొరకలేదు. పాప బరువు రాశారు, ముక్కు ఎవరిదో రాశారు, నా చెవులు ఎలా పోయాయో రాశారు. కన్న మనిషి ఎలా ఉందో రాయడానికి కాగితం చాలలేదేమో.

మీ భాష చూసి నేను బెదరనని మీకు తెలుసు. మా నాన్నగారు సాయంత్రాలు పురాణం చెప్పి బతికినవారు. వింటూ పెరిగినదాన్ని. ఆ వినికిడి మిల్లు కూడా తినలేదు. నాకు అప్పటినుంచీ ఒక సందేహం ఉంది, మీరైనా తీర్చండి. ప్రతి కథలోనూ రాణి గర్భం దాల్చిన పద్యం ఉంటుంది. దేవతలు పూలవాన కురిపించిన పద్యం ఉంటుంది. ఆ తర్వాతి పద్యంలో పిల్లవాడు విల్లు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ రెండింటి మధ్య ఆ తల్లి నిద్రపోయిందో లేదో ఏ కవీ కనుక్కోలేదు. పూలవాన వెలిశాక వాకిలి ఎవరు ఊడ్చారో కూడా రాయలేదు. మీ రెండువందల పద్యాల్లో కాన్పు తర్వాతి ఆ నలభై రోజుల మీద ఒక్కటైనా ఉంటే దాన్ని ముందు వినిపించండి. లేకపోతే అమ్మాయిని నిద్రపోనివ్వండి.

పటం సంగతి. "ఎదురుచెప్పని నాలుక" అన్నది చదివి మా పేచీ ఏమంది? ఏదో అనే ఉంటుంది. ఆ పేరు దానికి నేను ఊరికే పెట్టలేదు. సీసాల ఫ్యాక్టరీలో దాని పని మీరు ఎప్పుడూ చూడలేదు. తెల్లటి వెలుగు పలక ముందు కూర్చుంటుంది. కదిలే పట్టీ మీద సీసాలు వరుసగా వస్తుంటాయి. నిమిషానికి అరవై. పగులున్నదాన్ని వేలితో లాగేస్తుంది. అవి మనకు మంచి సీసాలే. ఆ కళ్ళు ఇంటికొచ్చాకా మూతపడవు. నేను కుట్టిన జాకెట్టు, నేను ఊడ్చిన మూల, నేను చూసిన మూడు సంబంధాలు, అన్నీ లాగేసింది. మీ ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున మీ పద్యం విని "బాగుంది అత్తయ్యా, నాలుగో పాదంలో మాత్రం అలిసిపోయారు" అన్నది మీరు మరిచిపోయి ఉండరు. నాకైతే ఆ రోజు తలుచుకుంటే ఈ విరిగిన కాలు కూడా నొప్పి పెట్టదు.

కాబట్టి అది ఏమందో రాయండి. దాని మాటలే రాయండి, భావార్థం అక్కర్లేదు.

మీ వదిన

* * *

ముందుగది
పాప పుట్టిన ఇరవైరెండవ నాడు

వదినగారికి,

మీ సందేహాలకు సమాధానం నా దగ్గర లేకపోవడం కాదు, వాటిని ఆ స్థాయిలో అడిగినవారు ఇంతవరకు లేరు.

మీరు కోరినట్లు మీ అమ్మాయి మాటలే రాస్తున్నాను. కాగితం చాలదన్న భయం ఇక లేదు. ఎందుకంటే ఆమె ఇప్పుడు ఒక్కటే మాట అంటుంది. "సరే."

ఆశ్చర్యపోకండి. "అమ్మాయీ, కిటికీ మూసేయనా?" అన్నాను. "సరే" అంది. "పోనీ, తెరిచి ఉంచనా?" అన్నాను. "సరే" అంది. సుఖదుఃఖాలను, చీకటి వెలుగులను ఒక్కటిగా చూసే ఈ సమదృష్టి కోసం మునులు వాయుభక్షణ చేశారు. నా కోడలికి మూడు వారాల్లో అబ్బింది. మీరు ఇరవయ్యేడేళ్ళు పెంచి సాధించలేనిది నేను ఇరవైరెండు రోజుల్లో సాధించానని అనడం ఆత్మస్తుతి అవుతుంది గనుక అనను.

తినమంటే తింటుంది. వద్దంటే ఆపేస్తుంది. పాపను ఎత్తుకోమంటే ఎత్తుకుంటుంది, దించమనేదాకా ఎత్తుకునే ఉంటుంది. పాప వైపు అట్టే చూడదు. దిష్టి తగులుతుందని కాబోలు, ఎంత ముందుచూపు! పటం చూపించి అభిప్రాయం అడిగాను. "బాగుంది అత్తయ్యా" అంది. పెళ్ళయిన మూడేళ్ళలో నా రచన ఆమెకు నచ్చడం ఇదే ప్రథమం. ఆ మాట విని మా చెల్లెలికి ఫోను చేశాను.

అప్పుడప్పుడు గోడ వైపు తిరిగి కదలకుండా ఉంటుంది. మొహం పాలిపోయి ఉంటుంది. కారణం లేకుండా కన్నీరు కారుతుంది. మీరు కంగారు పడతారేమోనని శాస్త్రం చెబుతున్నాను. హృదయం మహాభావంతో నిండినప్పుడు శరీరంలో ఎనిమిది సాత్విక భావాలు పొటమరిస్తాయని ఆలంకారికులు నిర్ణయించారు. కదలకపోవడం స్తంభం. పాలిపోవడం వైవర్ణ్యం. కన్నీరు అశ్రువు. ఎనిమిదింటిలో మూడు నా ఇంట్లోనే ప్రత్యక్షమయ్యాయి. ముప్పైనాలుగేళ్ళు నల్లబల్ల మీద రాసినవి కళ్ళతో చూసే భాగ్యం ఎంతమంది అధ్యాపకులకు దక్కుతుంది?

మావాడు మొన్న శనివారం వచ్చి, "అమ్మా, ఇల్లు ఇప్పుడు ఎంత ప్రశాంతంగా ఉంది!" అన్నాడు. వాడికి ఆ మాట అనే అవకాశం ఇంతకుముందు దొరకలేదు.

యాభయ్యవ రోజున మా సాహితీ మండలి సమావేశం మా ఇంట్లోనే. ఆ సభలో నా కోడలికి "ఉత్తమ గృహిణి" సన్మానపత్రం సమర్పించాలని నిశ్చయించాం. రచన నాది. మీరు రాలేకపోవడం లోటే.

ఇట్లు,
వియ్యపురాలు

* * *

మిల్లు క్వార్టర్లు, అదే మంచం

వదినగారికి,

ఈ ఉత్తరంలో మర్యాద ఎక్కడైనా తగ్గితే కాలి నొప్పి కింద జమ కట్టుకోండి.

మిల్లులో మా షెడ్డులో నూటనలభై మగ్గాలుండేవి. కొత్తగా చేరినవాళ్ళు ఆ హోరుకు బెదిరేవాళ్ళు. పాతబడినవాళ్ళం హోరుకు బెదరలేదు, ఒక్కసారి అది ఆగితే మాత్రం అందరం తల ఎత్తి చూసేవాళ్ళం. ఆగిందంటే పోగు తెగిందన్నమాట, లేదా ఎవరి చెయ్యో లోపల పడిందన్నమాట. ఆగిన మగ్గాన్ని చూసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది" అన్న మేస్త్రీని నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు. అల్లుడుగారు ఊరూరా గొలుసు పట్టుకుని భూమిని కొలుస్తారు. మంచానికి ఆ చివర కూర్చున్న మనిషి ఎంత దూరం వెళ్ళిపోయిందో ఆయన కొలతకు అందలేదు.

మా పేచీ నోట "సరే" అన్నమాట నేను ఎరగను. జ్వరంలో నూటమూడు ఉన్నప్పుడు కూడా "ఈ మందు చేదు, ఇంకోటి రాయమను" అన్న పిల్ల అది. దాన్ని మీరు పాడు చేశారని అనను. మీకంత శక్తి లేదు. దానికేదో అయ్యింది.

నా కాలికి కట్టు మార్చడానికి వచ్చే నర్సమ్మకు మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ మీ ఎనిమిది భావాలూ ఓపికగా విని, "ఈవిడ మీకు శత్రువా అమ్మా?" అని నా చెవిలో అరిచి అడిగింది. కాదు, చదువుకున్నావిడ అని చెప్పాను. కాన్పయ్యాక పదిమందిలో ఒకరికైనా ఇలా వస్తుందట. నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, బిడ్డ మీద మనసు నిలవదు, తానెందుకూ పనికిరానని అనిపిస్తుంది. జబ్బేనట. దానికి డాక్టర్లున్నారట, మందులున్నాయట. ఎవరో ఒకరు కనిపెట్టి తీసుకెళ్ళాలి, అంతే. తనంతట తాను వచ్చేవాళ్ళు తక్కువట.

నా మాట మీద మీకు నమ్మకం ఉండదు గనుక ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎక్కడైనా అంచు పగిలిన గాజుగ్లాసు ఉంటే, ఖాళీది, దాని ముందు బల్ల మీద పెట్టండి. ఏమీ పోయకండి, ఊరికే పెట్టండి. మా పేచీ అయితే మీ చెయ్యి గ్లాసును వదలకముందే "అత్తయ్యా, ఇది పగిలింది, పారేయండి" అంటుంది. అంటే నేను ఓడిపోయినట్టు. మీ సభకు కుంటుకుంటూ వచ్చి చప్పట్లు కొడతాను. అనకపోతే సభ సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి.

మీ వదిన

* * *

ముందుగది
పాప పుట్టిన ముప్పైయవ నాడు

వదినగారికి,

నర్సమ్మల అలంకారశాస్త్రం మాకు శిరోధార్యం కాదు. ప్రతి ఉదాత్త స్థితికీ ఒక మందుబిళ్ళ కనిపెట్టిన కాలమిది. ఋతువు మారినా జబ్బేనంటారు. మీ పరీక్ష మాత్రం చేస్తాను. మీ నోరు మూయించడానికే చేస్తాను. చేసి ఈ ఉత్తరం కిందనే ఫలితం రాసి, సభకు మీకు ముందు వరుసలో కుర్చీ వేయిస్తాను. మీరు చప్పట్లు కొట్టే భంగిమను కూడా ఊహించి

(ఇంతవరకు నిన్న రాసి ఆపాను.)

వదినా,

గ్లాసు బీరువా అడుగు అరలో దొరికింది. అంచున గోరంత పగులు. ఖాళీ గ్లాసు ముందు పెట్టడం మర్యాద కాదనిపించి పాలు పోశాను. మీరు వద్దన్న పనే చేశాను. ఇది నా స్వహస్తంతో రాస్తున్నాను, గుర్తుంచుకోండి.

తీసుకుంది. తాగింది. పెదవి తెగింది. పాలల్లో ఎర్రటి చార దిగడం నాకు కనిపించింది. ఆమె తుడుచుకోలేదు.

"గ్లాసు పగిలిందమ్మా, చూడలేదా?" అన్నాను.

"చూశాను అత్తయ్యా."

"చూసి తాగావా?"

"నాకు ఇది చాలు."

ఆ మాటను నేను ఇంకా శాంతరసంలో కలపడానికే ప్రయత్నించాను. నా బుద్ధి అంత త్వరగా వదలదు. "అదేమిటమ్మా, నీకేం తక్కువ?" అన్నాను. అప్పుడు ముప్పై రోజుల తర్వాత నాతో మాట్లాడింది. మీరు భావార్థం వద్దన్నారు గనుక మాటలే రాస్తున్నాను.

"ఫ్యాక్టరీలో పగిలినదాన్ని పట్టీ మీద ఉంచం అత్తయ్యా. ఉంచితే పక్కదానికి తగిలి అది కూడా పగులుతుంది. నన్ను తీసేస్తే పాప బాగుంటుంది. రోజూ అదే అనుకుంటున్నాను."

"ఎవరికైనా చెప్పావా తల్లీ?"

"మీరు పద్యం చదువుతుంటారు కదా. మధ్యలో చెప్పడం బాగుండదని."

వదినా, నా దగ్గరున్న రెండువందల పద్యాల్లో ఒక్కటి కూడా ఆ సమయంలో నోటికి రాలేదు. రానందుకు వాటికి రుణపడి ఉన్నాను. కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆమెను వదిలి పక్క గదికి కూడా వెళ్ళలేదు. అక్కడినుంచే మావాడికి ఫోను చేశాను. "శనివారం వస్తానుగా అమ్మా" అన్నాడు. వాణ్ని కన్నాక మొదటిసారి తిట్టాను. ఏమి తిట్టానో రాయను, మా మండలి సభ్యులు చదివితే నా బిరుదు వెనక్కి తీసుకుంటారు. రెండు గంటల్లో వచ్చాడు.

కారు వచ్చింది. ఆసుపత్రికి బయలుదేరుతున్నాం. ఈ ఉత్తరం దారిలో డబ్బాలో వేస్తాను.

* * *

మిల్లు క్వార్టర్లు

వదినగారూ,

అందింది. కాలు కదలడం లేదు గానీ మంచం మీద కూర్చునే నాలుగుసార్లు బయలుదేరాను.

దాన్ని ఒంటరిగా వదలకండి. మందులు దాని చేతికి అందనివ్వకండి, మీరే లెక్కచూసి ఇవ్వండి. నర్సమ్మ ఈ రెండూ చెప్పమంది. పాపను దాని దగ్గర్నుంచి లాగేసుకోకండి, అలాగని మీద పడేయకండి. పక్కన ఉండండి.

దాంతో ఒక్క మాట చెప్పండి. "మీ అమ్మ సీసాల పని ఎరగదు, కానీ పోగు తెగితే మగ్గాన్ని పారేయరని ఎరుగును" అని.

* * *

ఆసుపత్రి వరండా, రెండవ బెంచీ
పాప పుట్టిన ముప్పైయైదవ నాడు

వదినగారికి,

అమ్మాయి లోపల నిద్రపోతోంది. నిజమైన నిద్ర. వరుసగా ఐదు గంటలు. ఆ తలుపు ముందు చెప్పుల చప్పుడు చేసినందుకు ఒక వార్డుబాయిని, ఒక పెద్ద డాక్టరును మందలించాను.

మీరు కోరకపోయినా నా పరాభవాన్ని సవిస్తరంగా నివేదిస్తున్నాను. అది మీకు పత్యంగా ఉంటుందని తెలుసు.

డాక్టరమ్మ నా శిష్యురాలి కూతురంత ఉంటుంది. ముందు అమ్మాయితో ఒంటరిగా గంటసేపు మాట్లాడింది. పది ప్రశ్నల కాగితం ఒకటి నింపించింది. తర్వాత నన్ను పిలిచింది.

"మీరు మార్పు ఎప్పుడు గమనించారండీ?"

"మొదటి వారంలోనే. స్తంభం, వైవర్ణ్యం, అశ్రువు. మూడూ గుర్తుపట్టాను."

"గుర్తుపట్టి ఎవరికి చెప్పారు?"

"సాహితీ మండలికి."

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే తేలిగ్గా ఉండేది. కాగితం మీద ఏదో రాసుకుని, "పద్యాలు వినిపించారట. రోజుకు ఎన్ని?" అంది.

"నాలుగు."

"ఎవరు అడిగారు?"

ముప్పైనాలుగేళ్ళలో ఎన్నో మౌఖిక పరీక్షలు నిర్వహించాను. ఇలాంటి ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు.

కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు అని తేల్చింది. "ఇది జబ్బమ్మా. బద్ధకం కాదు, పొగరు కాదు, తల్లిప్రేమ లేకపోవడం కాదు. మీరనుకున్నట్టు పుణ్యఫలం కూడా కాదు. తగ్గుతుంది. ఆలస్యం చేస్తే కష్టం, మీరు పెద్దగా ఆలస్యం చేయలేదు" అంది. ఆ చివరి మాట నా మీద జాలితో అన్నదే. చేసినవారెవరో, చేయనివ్వనివారెవరో నాకు తెలుసు. పాలిచ్చే తల్లి వాడదగిన మందు రాసింది. నిద్ర ముఖ్యమంది. వారానికోసారి తన దగ్గరికి వచ్చి మాట్లాడాలంది. కొన్నాళ్ళు ఎవరో ఒకరు ఎప్పుడూ తోడుండాలంది. మావాడు సెలవు పెట్టాడు. పాప గుడ్డలు ఉతుకుతున్నాడు. మొదటి రోజు కొలిచి మడత పెట్టాడు, పాపం, వచ్చిన విద్య అదే.

మీ మగ్గం మాట చెప్పాను. కళ్ళు మూసుకునే వింది. "అమ్మ అలా అందా?" అని ఒకసారి అడిగింది. ప్రశ్న అడిగింది వదినా. నేను వరండాలోకి వచ్చి ఈ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. నాది ఏ సాత్విక భావమో విచారించలేదు.

మీకు క్షమాపణ చెప్పడానికి సమాసాలు వెతికాను. దొరికినవన్నీ నన్నే అందంగా చూపిస్తున్నాయి. అందుకని మామూలుగా చెబుతున్నాను. తప్పు చేశాను.

వియ్యపురాలు

* * *

మిల్లు క్వార్టర్లు
చేతికర్ర దొరికింది

వదినగారికి,

మీ పరాభవం నాకు పథ్యంగానే ఉంది. మీ కంగారులో ఆ మాటకు ఒత్తు జారిపోయింది, నేను పెట్టుకుని చదివాను. రెండు పూటలా తీసుకుంటున్నాను.

కానీ ఒకటి దాచి మీ మీద ఇన్ని విసుర్లు విసిరాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎనిమిదో నెలలో పేచీ నాకు ఒక ఉత్తరం రాసింది. "అమ్మా, ఎందుకో భయంగా ఉంది. పుట్టాక నాకు ప్రేమ రాకపోతే ఏం చేయాలి?" అని. అందరి తప్పులూ పట్టే పిల్ల తన మీద వేలు పెట్టుకుని చూపించింది. నేనేం రాశానో తెలుసా? "లోకంలో అందరూ కనడం లేదా? నీకేనా కొత్త? పిచ్చి ఆలోచనలు మానెయ్" అని. పోస్టుకార్డు మీద రాశాను. దాని భయానికి కవరు కూడా దండగ అనుకున్నాను.

మీరు నాలుగు పద్యాలు చదివి నోరు మూయించారు. నేను నాలుగు ముక్కలతో మూయించాను. తూకం వేస్తే నాదే బరువు. మీరు పండితులు గనుక అంత పొదుపుగా చేయలేకపోయారు.

కట్టు విప్పారు. పై వారం వస్తున్నాను. నా గదిలో పద్యాల పట్టీ అంటించకండి.

మీ వదిన

* * *

ముందుగది
పాపకు ఆరో నెల

ప్రియమైన వదినగారికి,

మీరు నెలన్నర ఉండి వెళ్ళాక ఇంట్లో నన్ను ఎత్తిపొడిచేవారు లేక అన్నం సయించడం లేదని రాద్దామనుకున్నాను. ఆ లోటు నిన్నటితో తీరింది.

నిన్న ఉదయం మీ పేచీ పాపను చంకనేసుకుని ఉయ్యాల ముందు నిలబడి చాలాసేపు గోడ వైపు చూస్తోంది. మందు కొనసాగుతోంది, డాక్టరమ్మ దగ్గరికి వెళుతూనే ఉంది, అయినా కొన్ని రోజులు మబ్బు కమ్ముతుంది. ఆ రోజుల్లో మళ్ళీ "సరే" అంటుంది. ఆ మాట వినబడగానే మీ షెడ్డులో మాదిరే ఇంట్లో అందరం తల ఎత్తి చూస్తున్నాం. మావాడైతే చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చుంటాడు. అందుకే మెల్లగా వెళ్ళి "ఏమ్మా?" అన్నాను.

"ఈ పటం వంకరగా ఉంది అత్తయ్యా."

"సరిచేయిస్తాను."

"మేకు కాదు. రాసింది వంకరగా ఉంది. ఎదురుచెప్పని నాలుక ఏమిటి? ఇది నా కూతురు కదా, నాలుక ఉన్నందుకు ఊరుకుంటుందా? ఇది ఎప్పుడు పెట్టారు? నేను చూసి ఎలా ఒప్పుకున్నాను?"

"బాగుంది అన్నావమ్మా."

"అయితే నాకు నిజంగానే బాగాలేదన్నమాట" అని నవ్వింది.

వదినా, నా సాహిత్య జీవితంలో ఇంత గొప్ప విమర్శ నాకు దక్కలేదు. పటం దించాను. వెనక అట్ట తీసి కాగితం ఆమె చేతికిచ్చాను. పెన్ను అడిగింది. మూడు మాటలూ కొట్టేసింది. "అత్తయ్యా, 'కలుగుగాక' ఒక్కటే పనికొస్తుంది, అది ఉంచుకోండి" అంది.

సన్మానసభ సంగతి మీరు అడిగారు. వాయిదా పడిన ఆ సమావేశం గత నెల జరిగింది. సన్మానపత్రానికి బదులు ఎనిమిది సాత్విక భావాలను నేను ఎలా గుర్తుపట్టానో చదివాను. సగంమంది మధ్యలో లేచిపోయారు, కొందరికి ఇంట్లో పని గుర్తొచ్చింది. సభ ముగిశాక ఇద్దరు ముసలివాళ్ళు మాత్రం నా కుర్చీ దగ్గరికి వచ్చి డాక్టరమ్మ చిరునామా అడిగారు. ఒకావిడ తన కోడలి కోసం. ఒకావిడ, చెవిలో చెప్పింది, నలభై రెండేళ్ళ నాటి తన కోసం. ఆవిడ అప్పట్లో ఎంత నెమ్మదిగల కోడలని మా వీధంతా చెప్పుకునేవాళ్ళం.

ఇప్పుడు పటంలో ఖాళీ ఉంది. రాత్రి భోజనాలయ్యాక నేనొక మాట, కోడలొక కొట్టివేత, మావాడొక సూచన (అది కొట్టివేతలోనే పోయింది) చేసి కొత్తది పూర్తి చేశాం. మీ తనిఖీ కోసం పంపుతున్నాను. పగుళ్ళుంటే వేలితో లాగేయండి. మీ పేచీ మాత్రం చివరిదాకా చదివి, "ఈసారి నాలుగో పాదంలో అలిసిపోలేదు" అంది.

*పాపా, నీ తర్వాత వచ్చేవారికీ, వారి తర్వాత వారికీ: ధరణికున్నంత ఓర్పు ధరణికే ఉండుగాక, మీకు మనిషికి చాలినంతే కలుగుగాక. బాగాలేనినాడు బాగాలేదనే నాలుక కలుగుగాక. ఆ మాట విన్నవారు పద్యం అందుకోక, పక్కన కూర్చొందురుగాక. మీరు నెమ్మదిస్తే ఇల్లంతా తల ఎత్తుగాక. పగిలిన గ్లాసు మీ ముందు పెట్టే చెయ్యి ఎంత పెద్దదైనా, "ఇది నాకు వద్దు" అని మీరు తోసేయుదురుగాక. తోసేసినందుకు ఆ ఇల్లు మిమ్మల్ని చూసి గర్వపడుగాక.*